నోదమే సినిమాలు రెండింట్లో ఏది మేలు? (మధ్యలో యానిమే కూడా ఉంది)

మా ఇంట్లో ఈ గొడవ ఇవాళ్టిది కాదు. చెల్లి రెండో సినిమా అంటుంది, నేను మొదటిది అంటాను, మధ్యలో మా కజిన్ ఒకడు వచ్చి అసలు సినిమాలే దండగ, యానిమే (అదే కథకి జపనీస్ కార్టూన్ సిరీస్) చూడండి అని పుల్ల పెట్టి పోతాడు. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని మూడూ మళ్ళీ చూశా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నోదమే కాంటాబిలే అనే జపనీస్ కథలో హీరో చియాకికి కండక్టర్ అవ్వాలని పిచ్చి, బస్ కండక్టర్ కాదు, ఆర్కెస్ట్రా ముందు పుల్ల పట్టుకుని నిలబడే కండక్టర్. అన్నీ వచ్చు కానీ చిన్నప్పుడు జరిగినదానికి జడుసుకుని విమానం ఎక్కలేడు, ఎక్కకపోతే యూరప్ ఎలా పోతాడు? పక్క ఫ్లాట్‌లో నోదమే, అసలు పేరు నోదా మెగుమి, ఇంటినిండా చెత్త, తలస్నానం ఎప్పుడు చేసిందో తనకే గుర్తుండదు, కాగితం మీద రాసిన సంగీతం (నోటేషన్) చదవాలంటే ఒళ్ళు బద్ధకం, కానీ ఒక్కసారి చెవిన పడిందంటే చాలు వేళ్ళతో దించేస్తుంది. నినొమియా తొమొకో 2001లో మొదలుపెట్టిన మాంగా (జపనీస్ బొమ్మల కథ) ఇది. 2006లో ఫుజి టీవీలో 11 ఎపిసోడ్ల డ్రామా, 2008 జనవరిలో రెండు రాత్రుల స్పెషల్, ఆ తర్వాత 2009 డిసెంబర్ 19న మొదటి సినిమా, 2010 ఏప్రిల్ 17న రెండోది. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోడానికి మనం రెండేళ్ళు ఆగాం, వీళ్ళు నాలుగు నెలల్లో తేల్చేశారు.

డ్రామా చూడకుండా డైరెక్ట్‌గా సినిమాలకి పోకండి, ముందే చెప్తున్నా. ఎవడు ఎవడో అర్థం కాదు, జర్మన్ మాస్ట్రో స్ట్రెజెమన్ అని ఒక జపనీస్ నటుడు తెల్ల విగ్గు, పెట్టుడు ముక్కుతో ఎందుకు తిరుగుతున్నాడో అసలే అర్థం కాదు. సినిమాలకొచ్చేసరికి చియాకి, నోదమే ఇద్దరూ పారిస్‌లో ఉంటారు, అక్కడి ఫ్రెంచ్ వాళ్ళంతా గడగడా జపనీస్ మాట్లాడేస్తుంటారు, డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మనకి అదేం ఎబ్బెట్టుగా ఉండదులెండి.

సరే, మొదటి సినిమా. చియాకి చేతికి పారిస్‌లో మార్లే ఆర్కెస్ట్రా వస్తుంది, పేరుకి పాత ఘనమైన ఆర్కెస్ట్రా, లోపల చూస్తే సగంమంది వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళకి రిహార్సల్ అంటే పట్టదు. అలాంటివాళ్ళని పెట్టుకుని మొదటి కచేరీలో ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన బొలేరో వాయిస్తారు. ఈ పీస్ ఎంచుకున్న బుర్రకి దండం పెట్టాలి అసలు. ఎందుకంటే బొలేరోలో మొదటి నుంచి చివరి దాకా చిన్న డ్రమ్ మీద ఒకటే దరువు, ఒకటే ట్యూన్, దాన్ని ఫ్లూట్ వాయించి క్లారినెట్‌కి ఇస్తే అది ఇంకోదానికి ఇస్తుంది, మన భజనలో ఒక్కొక్కళ్ళే అందుకున్నట్టు. అంటే చేతకానివాడు పదిమందిలో దాక్కోడానికి లేదు, వాడి వంతు రాగానే దొరికిపోతాడు. సంగీతం అస్సలు తెలియని మా అమ్మ కూడా ఆ సీన్ దగ్గర వంటింట్లోంచి వచ్చి ఏంటీ అపస్వరాలు అంది. ఆర్కెస్ట్రా బాలేదు అని ఒక్క డైలాగ్ కూడా అక్కర్లేకుండా చెవికే తెలిసిపోయింది.

అక్కణ్ణుంచి ఆడిషన్లు, ప్రాక్టీసు, తిట్లు, మళ్ళీ ప్రాక్టీసు. స్పోర్ట్స్ సినిమాల్లో చూసిన గ్రాఫే, కాదనను, కానీ చివరి కచేరీ వచ్చేసరికి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్‌తో ఊపేసి, బాహ్ పియానో కాన్చెర్టోలో (అంటే పియానో ముందుండి, ఆర్కెస్ట్రా దానితో కలిసి సాగే పీస్) చియాకి తానే పియానో వాయిస్తూ తానే నడిపించి, ఆఖర్న చైకోవ్‌స్కీ ఆరో సింఫనీకి వస్తారు. ఆ సింఫనీ మొదటిసారి 1893 అక్టోబర్‌లో వాయించాక తొమ్మిది రోజులకే చైకోవ్‌స్కీ చనిపోయాడు, అది ధనధనా ముగిసే పీస్ కాదు, దీపం కొండెక్కినట్టు మెల్లగా ఆరిపోతుంది.

చియాకి గెలిచేది అక్కడే. హాల్లో కూర్చుని వింటున్న నోదమే ఏదో పోగొట్టుకునేది కూడా అక్కడే. ఇన్నాళ్ళూ తన పక్క ఫ్లాట్ అబ్బాయి, ఇప్పుడు ఎక్కడికో వెళ్ళిపోయాడు, తను మాత్రం కుర్చీలోనే ఉంది. నోదమేగా వేసిన ఉయెనో జురి మొహం చూడండి అప్పుడు, సంతోషమే, కానీ దాని కింద ఇంకేదో ఉంది. లవ్ స్టోరీ మొత్తం ఆ మొహంలో ఉంది, హీరో వచ్చి ఐ లవ్ యూ చెప్పలేదు, వాన పడలేదు. నేను మొదటిదే మేలనేది ఇందుకే, ఇందులో ప్రేమకథ పాటలోంచి వస్తుంది.

రెండోదాంట్లో అలా కాదు. నోదమే రావెల్ జీ మేజర్ పియానో కాన్చెర్టో విని పడిపోతుంది, ఇది చియాకితో కలిసి స్టేజి మీద వాయించాలని కలలు కంటుంది, తీరా చూస్తే అదే కాన్చెర్టో చియాకి వేరే అమ్మాయి సోన్ రుయితో వాయించడం అప్పటికే ఖాయమైపోయింది. పాయింట్ చాలా బావుంది, నిజంగా కడుపులో తిప్పేసే పాయింట్. కానీ ఆ తర్వాత అంతా నోదమే మనసులో ఏముందో వాళ్ళూ వీళ్ళూ మనకి చెప్తుంటారు, ఫ్లాష్‌బ్యాకులు వస్తుంటాయి, జపాన్ నుంచి పాత గ్యాంగ్ వచ్చి కాసేపు సందడి చేసి పోతారు, చూసిందే చూపిస్తున్నారేంటి అనిపించింది నాకు. డైరెక్టర్ కూడా మారాడు, మొదటిది తకెయుచి హిదెకి తీస్తే రెండోది కవమురా యసుహిరో, తేడా దానివల్లేనని చెప్పలేను గానీ తేడా మాత్రం ఉంది.

చెల్లి వాదన ఏంటంటే మొదటిది అసలు నోదమే సినిమానే కాదు, చియాకి సినిమా. పేరేమో ఆ పిల్లది, రెండు గంటలు వీడి ఆర్కెస్ట్రా కష్టాలు. రెండోదాంట్లోనే ఆ పిల్ల తనకేం కావాలో నోరు తెరిచి అడుగుతుంది, పెళ్ళి చేసుకో అని మొహం మీదే అడిగేస్తుంది, వాడు సీరియస్‌గా తీసుకోడు, అప్పుడు స్ట్రెజెమన్ వచ్చి నాతో వాయిస్తావా అంటే వెళ్ళిపోతుంది. షోపాన్ మొదటి పియానో కాన్చెర్టో, ఆయన ఇరవై ఏళ్ళ వయసులో 1830లో రాసింది. వెనక వినపడేది చైనా పియానిస్ట్ లాంగ్ లాంగ్ వాయించింది. అదంత గొప్పగా వాయించాక ఇక నాకు ఏమీ మిగల్లేదు అనుకుని పియానోకే దూరంగా పారిపోతుంది చూడండి, అది మామూలు ప్రేమకథల్లో ఉండదు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. రెండు సినిమాల్లోనూ ఒక్క సీన్ ఉంచుకుని మిగతావి తీసేయమంటే నేనూ ఆ షోపానే ఉంచుకుంటా. కానీ అడిగింది ఒక్క సీన్ గురించి కాదు కదా, సినిమా గురించి.

యానిమే సంగతి తొందరగా చెప్పేస్తా. మూడు సీజన్లు, 2007లో 23 ఎపిసోడ్లు, 2008లో పారిస్ భాగం 11, 2010 జనవరి నుంచి మార్చి దాకా ఫినాలే 11. నోదమే లోపల ఏం నడుస్తోందో ఫినాలేలో ఇంకా నింపాదిగా చూపించారు, రెండో సినిమాలో హడావుడిగా అనిపించినవి ఇక్కడ ఊపిరి పీల్చుకున్నాయి, ఆ విషయంలో కజిన్‌గాడు కరెక్టే. కానీ కచేరీలో బొమ్మలు కదలవండీ! ఆర్కెస్ట్రా అంటే స్టిల్ బొమ్మ మీద కెమెరా అటు నుంచి ఇటు పోతుంది, పియానో అంటే కంప్యూటర్ వేళ్ళు. వియన్నాలో మ్యూజిక్‌ఫెరైన్ అనే పేరున్న కచేరీ భవనం బంగారు హాల్లోకి నిజంగా వెళ్ళి తీసిన సినిమా చూశాక అది నాకు ఆనదు. కొరియన్ వాళ్ళు 2014లో తీసిన రీమేక్ గురించి నన్ను అడక్కండి, నాలుగు ఎపిసోడ్లకి ఆపేశా.

కొత్తగా చూసేవాళ్ళకి నా సలహా అయితే డ్రామా, 2008 స్పెషల్, మొదటి సినిమా, ఆ తర్వాత ఓపికుంటే యానిమే ఫినాలే చూసి అప్పుడు రెండో సినిమాకి రండి, నోదమే ఎందుకలా చేసిందో తెలిసి చూస్తారు కాబట్టి ఫ్లాష్‌బ్యాకులు అంత విసుగనిపించవు. ఆ రెండో సినిమా చివర్న మోజార్ట్ రెండు పియానోల సొనాటా వస్తుంది, డ్రామా మొదట్లో వీళ్ళిద్దరూ కలిసి వాయించింది అదే, కాబట్టి డ్రామా ఎగ్గొడితే ఆ చివర మీకు ఉత్త పియానో చప్పుడే.

ఇదంతా చెల్లికి చదివి వినిపించా. అంతా విని, మొదటి సినిమా ఎన్నిసార్లు చూశావ్ అంది. మూడుసార్లు అన్నా. మరి షోపాన్ సీన్?

లెక్కపెట్టలేదు అన్నా.