వెల్డింగా, క్లచ్చా, హెలికలా: పాత బండి వెనక ఇరుసుకి ఏ ఎల్ఎస్‌డీ?

వాన వెలిసిన సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పాత కాంటెస్సా కారుని ఫస్ట్ గేర్లో గట్టిగా లాగితే రోడ్డు మీద నల్లగీత ఒక్కటే పడుతుంది. అదీ కుడి వెనక టైరుదే. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూ వెనక ఇరుసు హౌసింగ్ మొత్తాన్ని మెలితిప్పుతుంది. దాంతో ఎడమ చక్రం రోడ్డుకి నొక్కుకుంటుంది, కుడి చక్రం తేలికవుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు గేర్ల అమరిక) రెండు వైపులకీ సమానంగానే టార్క్ పంచుతుంది కాబట్టి, పట్టు తప్పిన కుడి చక్రం ఎంత మోస్తే ఎడమ చక్రానికీ అంతే అందుతుంది. మిగతాదంతా పొగ.

దీనికి మందు ఎల్ఎస్‌డీ, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అయితే అందరికీ అక్కర్లేదు. కంపెనీ ఇంజన్‌తోనే తిరుగుతున్న ప్రీమియర్ పద్మినికో, డీజిల్ అంబాసిడర్‌కో ఇది శుద్ధ దండగ. ఆ డబ్బు టైర్లకీ, కమాను బుష్షులకీ పెట్టండి. ఇసుజు 1.8 పెట్రోలు ఇంజన్ ఉండి, దాన్ని ఇంకాస్త పెంచిన బండికీ, వేరే ఇంజన్ దింపిన బండికీ, నల్లరేగడి దారుల్లో తిరిగే పాత జీపుకీ మాత్రం తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ముందు చవక దారి సంగతి. ఆటోనగర్‌లో ఎవర్ని అడిగినా మొదట వచ్చే సలహా, డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లకి, అదే స్టార్ పినియన్లకి, వెల్డింగ్ కొట్టించెయ్యమని. మా మార్కు సున్నా. ఆ గేర్లు గట్టిపరిచిన ఉక్కువి. వెల్డింగ్ వేడికి టాకా పక్కనే పగులు పుడుతుంది, పెచ్చులు ఊడి క్రౌన్ (ఇరుసులోని పెద్ద పళ్ల చక్రం) పళ్ల మధ్యకి పోతాయి. రెండు చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి కాబట్టి ప్రతి యూటర్న్‌లో ఒక టైరు రోడ్డుని గీరుకుంటూ పోతుంది. ఆ మెలికంతా యాక్సిల్ షాఫ్ట్ మీదే పడుతుంది. సెమీ ఫ్లోటింగ్ (చక్రం షాఫ్ట్ మీదే నిలబడే) ఇరుసులో షాఫ్ట్ బయటి కొస దగ్గర విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికొచ్చేస్తుంది. ట్రాక్ మీద డ్రిఫ్ట్ చేసే బండి సంగతి వేరు. వారధి దాటి రోజూ గుంటూరు వెళ్లొచ్చే బండికి ఈ పని చేయించొద్దు.

క్లచ్ ప్లేట్ రకానికి పదికి ఆరు. లోపల రెండు ప్రెషర్ రింగులు, వాటి వాలు గాళ్లలో క్రాస్ పిన్ ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కగానే పిన్ వాలెక్కి రింగుల్ని విడదీస్తుంది, అవి ప్లేట్లని బిగిస్తాయి. వాలు ఒక్క వైపే ఉంటే వన్ వే, రెండు వైపులా సమానంగా ఉంటే టూ వే, కాలు తీసినప్పుడు తక్కువగా పట్టేది ఒకటిన్నర వే. రోడ్డు బండికి వన్ వే గానీ ఒకటిన్నర గానీ తీసుకోండి. టూ వే అయితే తడి రోడ్డు మలుపులో కాలు తీసిన క్షణాన బండి ముక్కు తిరగనని మొండికేస్తుంది. చక్రం గాల్లో ఉన్నా స్ప్రింగు బిగింపు వల్ల ఎంతోకొంత పట్టు ఉండటం ఈ రకానికున్న పెద్ద సుగుణం. చిక్కంతా ఆయిలుతో. ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని మెత్తబరిచే మందు) కలిసిన జీఎల్-5 రకం గేరు ఆయిలు లేకపోతే పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే వెనకనుంచి కటకటమని కొడుతుంది. ఆయిలు త్వరగా పాడవుతుంది కాబట్టి గట్టిగా నడిపేవాళ్లు 5,000 నుంచి 10,000 కిలోమీటర్లకొకసారి మార్చాల్సిందే. బ్లేజ్‌వాడ ఎండల్లో 5,000కే మార్చడం మేలు.

వాడిన యూనిట్ కొనేవాళ్లు చక్రం తిప్పి చూసి మోసపోతుంటారు. సరైన పరీక్ష ఇది: గేర్ న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ తీసి, ముందు చక్రాలకి అడ్డాలు పెట్టి, ఒక వెనక చక్రాన్నే జాకీ మీద లేపండి. హబ్బు మధ్యలో టార్క్ రెంచి తగిలించి, చక్రం కదలడం మొదలయ్యే రీడింగ్ చూడండి. రోడ్డు వాడకం యూనిట్లలో కొత్తప్పుడు ఇది సాధారణంగా 60 నుంచి 100 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చేత్తోనే తిరిగిపోతే ప్లేట్లు అయిపోయాయన్నమాట. ఆ ప్లేట్ల సెట్టు దొరుకుతుందో లేదో తేల్చుకున్నాకే బేరం ఆడండి.

హెలికల్‌కి ఎనిమిదిన్నర. క్వైఫ్, టార్సెన్, ఈటన్ ట్రూట్రాక్ ఈ జాతివే. ఇందులో ప్లేట్లు లేవు. మెలిక పళ్ల గేర్లు తమ గూళ్లలో ఉంటాయి, లోడు పడగానే గూటి గోడకేసి నొక్కుకుంటాయి, ఆ రాపిడే పట్టు. లోడు లేనప్పుడు అచ్చం ఓపెన్ డిఫరెన్షియల్ లాగే ఉంటుంది కాబట్టి పార్కింగ్‌లో చప్పుడుండదు. లెక్క ఇలా చూడండి. జారే చక్రం 150 న్యూటన్ మీటర్లు మోయగలదనుకుందాం. ఓపెన్‌లో రెండు వైపులా కలిపి 300 దాటదు. బయాస్ రేషియో (జారే చక్రం కన్నా పట్టున్నదానికి ఎన్ని రెట్లు పోతుందో చెప్పే అంకె) 2.5 ఉన్న హెలికల్‌లో పట్టున్న చక్రానికి 375 దాకా పోతుంది, మొత్తం 525. అదే లెక్కలో దీని లోపమూ ఉంది. సున్నాని ఎంతతో హెచ్చవేసినా సున్నానే. చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే ఇది చేతులెత్తేస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే, ఆ తేలిన చక్రానికి కాస్త లోడు దొరికి రెండోది కదులుతుంది. ఆయిలు మామూలు జీఎల్-5 చాలు. ట్రూట్రాక్‌కైతే కంపెనీయే మినరల్ ఆయిలు వాడమంటుంది, మాడిఫయర్ వద్దంటుంది. నెల నెలా బండి కింద పడుకునే ఓపిక లేనివాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు.

మహీంద్రా థార్‌లో వచ్చిన ఈటన్ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ గురించి చాలామంది అడుగుతుంటారు. నిజానికి అది ఎల్ఎస్‌డీ కాదు, లాకరు. రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే లోపలి గవర్నర్ కొక్కెం పట్టి పూర్తిగా లాక్ చేస్తుంది. గంటకి 30 కిలోమీటర్ల పైన మళ్లీ లాక్ కాదు. వానాకాలం పొలంగట్టు దారిలో జీపుకి బంగారం. కాంటెస్సాకి పనికిరాదు. అది థార్ ఇరుసు కోసమే పుట్టిన కేజ్ (గేర్లుండే గూడు), ఇంకో హౌసింగులో కూర్చోదు. పైగా తడి మలుపులో టపీమని లాకవడం రోడ్డు బండికి మంచిది కాదు. విస్కస్ రకం ఊసే వద్దు. లోపలి సిలికాన్ ద్రవం ముసలిదైతే యూనిట్‌కి యూనిట్ పారేయడమే.

రకం తేలింది. ఇక ఆర్డరు. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. కేటలాగులో బండి పేరు చూసి కొనొద్దు, కేజ్ బయటికి తీసి కొలతలు రాసుకున్నాకే కొనండి. క్రౌన్ బోల్టులెన్ని, వాటి వలయం వ్యాసమెంత, క్రౌన్ కూర్చునే మెట్టు వ్యాసమెంత, క్రౌన్ ముఖం నుంచి బేరింగు ముఖానికి దూరమెంత, రెండు బేరింగు ముఖాల మధ్య మొత్తం దూరమెంత, ఇవన్నీ వెర్నియర్‌తో తీయాలి. సైడ్ బేరింగు నంబరు దాని మీదే కొట్టి ఉంటుంది, దాన్నిబట్టి లోపలి వ్యాసం దొరుకుతుంది. యాక్సిల్ షాఫ్ట్ కొసనున్న పళ్లు, అదే స్ప్లైన్లు, లెక్కపెట్టేటప్పుడు ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఒకటి తప్పిపోవడం ఖాయం. క్రౌన్ పళ్లని టెయిల్ పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) పళ్లతో భాగిస్తే రేషియో: 41, 9 అయితే 4.56. డానా 44 లాంటి ఇరుసుల్లో రేషియోని బట్టి కేజ్ ఎత్తే మారుతుంది. 3.73, అంతకంటే తక్కువ వాటికి ఒక కేజ్, 3.92, ఆపైన వాటికి మరొకటి. కొత్త కేజ్ జర్నల్ (బేరింగు కూర్చునే మెడ) లావుగా ఉంటే లేత్ మీద తగ్గించుకోవచ్చు. సన్నగా ఉంటే మాత్రం వెల్డింగ్ నింపి తిప్పించొద్దు, కేజ్ వంకరపోతుంది.

పాత జీపు వాళ్లకి ఇంకో మాట. టేపర్ షాఫ్ట్, విడి హబ్బు ఉన్న డానా ఇరుసులో రెండు షాఫ్టులూ లోపల క్రాస్ పిన్ దగ్గరున్న థ్రస్ట్ బ్లాకుకి ఆనుకుంటాయి. చక్రం ఊగే ఖాళీ దాన్నిబట్టే 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు కట్టి ఉంటుంది. ఆ బ్లాకుకి చోటు లేని హెలికల్ యూనిట్ వేస్తే షాఫ్టులకి ఆనిక పోతుంది. ఒంటి ముక్క షాఫ్టులు, సొంత బిగింపు ఉన్న బేరింగులు వేసుకుంటే తప్ప కుదరదు.

బిగింపు సంగతికొస్తే, ఆటోనగర్‌లో ప్రెస్సు, లేత్, షిమ్ములు (సందు సర్దే పలుచటి రేకులు) కోసేవాళ్లు నాలుగడుగుల్లో దొరుకుతారు. చెయ్యి తిరిగినవాళ్లే. కాకపోతే ఆ చేతులు లారీ హౌసింగులకి అలవాటుపడ్డవి. క్రౌన్‌ని బొటనవేలితో ఆడించి "సరిపోయింది సార్" అంటారు. పళ్ల మధ్య లారీకి చెల్లే ఆ ఖాళీ కారుకి రెట్టింపవుతుంది. సన్నటి కదలికని కొలిచే డయల్ గేజ్ లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు. మేస్త్రీ దగ్గర లేకపోతే మీరే కొని పట్టుకెళ్లండి.

పాత క్రౌన్, టెయిల్ పినియన్లనే ఉంచుతుంటే, విప్పకముందే ఖాళీ ఎంతుందో నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి, పళ్లకి మార్కింగ్ రంగు పూసి తిప్పి అచ్చు ఫొటో తీసుకోండి. టెయిల్ పినియన్ జోలికి పోకండి. దాన్ని కదపకపోతే లోతు మారదు, పనంతా సైడ్ షిమ్ములతోనే అయిపోతుంది. కొత్త జతకి చాలా కార్లలో 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, మీ బండి మాన్యువల్ అంకే ప్రమాణం. అరిగిన జతకి మాత్రం పుస్తకం అంకె కన్నా విప్పకముందు రాసుకున్న అంకే ముఖ్యం. ఆ పళ్లు ఆ ఖాళీకే అరిగి కుదురుకున్నాయి, బిగిస్తే ఊళ పెడతాయి. బేరింగు టోపీలకి ఎడమ, కుడి పంచ్ గుర్తులు కొట్టండి, అవి తారుమారు కాకూడదు. క్రౌన్‌ని వేడి నూనెలో సుమారు 100 డిగ్రీలకి తెచ్చి కేజ్ మీద కూర్చోబెట్టాలి, సుత్తితో కాదు. బోల్టులు కొత్తవే వాడాలి, థ్రెడ్‌లాక్ పెట్టి ఎదురెదురుగా బిగించాలి. తర్వాత క్రౌన్ వెనక ముఖం మీద గేజ్ పెట్టి తిప్పితే ఊపు 0.05 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే విప్పండి, కింద ఎక్కడో చిన్న రజను ఇరుక్కుని ఉంటుంది.

ఆయిలు నింపే ముందు బ్రీదర్ (ఇరుసు గాలి పీల్చే రంధ్రం) విప్పి ఊది చూడండి. అది మూసుకుపోతే వేడెక్కిన గాలి ఆయిలుని సీలు దాటించి బ్రేక్ డ్రమ్ములోకి తోస్తుంది, నింద కొత్త సీలు మీద పడుతుంది. క్లచ్ రకమైతే ఖాళీ స్థలంలో బండిని ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా ఇరవై ముప్పై సార్లు తిప్పి, ఆ ఆయిలు దింపేయండి. క్రౌన్ జత కూడా కొత్తదైతే మొదటి ప్రయాణం ఇరవై నిమిషాలకి మించొద్దు. చల్లారనిచ్చి మళ్లీ బండి తీయండి, 800 కిలోమీటర్లయ్యాక ఆయిలు మార్చండి. దింపిన ఆయిలులో అయస్కాంతం తిప్పితే బూడిదరంగు పేస్టు అంటుకోవడం మామూలే. గోటికి తగిలే ముక్క దొరికితే మాత్రం కొత్త ఆయిలు పోయకుండా కేజ్ మళ్లీ దింపండి.