18 ఏళ్లుగా మోర్ మ్యూజిక్ వింటూ

లోపల ఎవరు పాడారో చూడకుండా, లేబుల్ పేరు చూసి రికార్డు కొనే అలవాటు నాకు ఒక్క మోర్ మ్యూజిక్ విషయంలోనే అబ్బింది. థామస్ మోర్ 1999లో బెర్లిన్‌లో మొదలుపెట్టిన చిన్న స్వతంత్ర రికార్డు సంస్థ (లేబుల్) ఇది. ఎలక్ట్రానిక్ సంగీతమూ ఇండీ (పెద్ద కంపెనీల జోలికి పోని బృందాల) పాటా కలిసే చోటే వీళ్ల పనంతా. 18 ఏళ్లలో నా దగ్గర వీళ్ల రికార్డులు 40 దాకా పోగయ్యాయి. కొన్నింటిని అరిగిపోయేలా విన్నాను, కొన్నింటిని రెండోసారి బయటికి తియ్యలేదు.

మొదట కొన్నది లాలి పూనా బృందం 2001లో చేసిన 'స్కేరీ వరల్డ్ థియరీ'. తొలిసారి పెట్టినప్పుడు నాకేమీ అంటలేదు. బృందం గాయని వాలరీ ట్రెబెల్‌యార్ ఎక్కడా గొంతు పెంచదు, పక్కన కూర్చుని ఓ మాట చెప్పి ఊరుకున్నట్టు పాడుతుంది. కింద చిటపటమనే చిన్న చప్పుళ్లు, సగంలో తెగిపోయే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) స్వరం, ఉండుండి ఓ గిటార్ మీటు. అంతే. వారం పోయాక ఓ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నారని వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టాను. అప్పుడు దొరికింది. గట్టిగా పెడితే అన్నీ ఒకే మట్టానికి వచ్చేసే ఆ చప్పుళ్లు, తగ్గించేసరికి దేని దూరంలో అది నిలబడ్డాయి. ఒకటి చెవి పక్కన, ఒకటి గది చివర, గొంతు మధ్యలో. ఆనాటి నుంచి ఈ లేబుల్ రికార్డు ఏది తెచ్చినా ముందు తక్కువ శబ్దంలోనే వింటాను. అక్కడ నిలవకపోతే అది నాకు పనికిరాదు.

అదే ఆల్బమ్ ఎల్పీ (సూదితో తిరిగే నల్ల రికార్డు) తర్వాత ఓ పాత రికార్డుల అమ్మకందారు దగ్గర దొరికింది. టిక్కుటిక్కుమంటుంటే దుమ్మనుకుని మూడుసార్లు కడిగాను. చివరికి సీడీతో పోల్చి చూస్తే సగం టిక్కులు రికార్డింగులోవే! వీళ్ల తొలినాళ్ల రికార్డుల్లో తాళమంతా ఇలాంటి క్లిక్కుల మీదే నడుస్తుంది. అందుకే ఆ కాలంవి కొనేవాళ్లకు సీడీయే కొనమంటాను. ఎల్పీ మీది గీతలు, సంగీతం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఐసాన్ అనే జంట (ఆంటొనీ రయన్, రాబిన్ సవిల్) చేసిన 'లక్కీ క్యాట్' పూర్తిగా వాయిద్య సంగీతం, పని చేసుకుంటూ వినడానికి హాయిగా ఉంటుంది. వియన్నాకు చెందిన బి. ఫ్లైష్‌మన్ 2003లో చేసిన 'వెల్‌కమ్ టూరిస్ట్' రెండో సీడీలో ఒకే ఒక్క ట్రాక్, 45 నిమిషాలు. దానికి తీరిక కావాలి, ఏడాదికోసారి వింటాను.

అన్నిటికంటే ఎక్కువ తిరిగింది మాత్రం 2002 నాటి సంకలనం 'బ్లూ స్కైడ్ యాన్ క్లియర్'. ఇంగ్లండ్ బృందం స్లోడైవ్‌కు ఇది నివాళి. సంకలనం పేరు కూడా వాళ్ల 1995 ఆల్బమ్ 'పిగ్మేలియన్'లోని ఓ పాటదే. ఆ ఆల్బమ్ వచ్చిన కొద్దిరోజులకే వాళ్ల కంపెనీ వాళ్లను వదిలేసింది, బృందమూ చెదిరిపోయింది. మళ్లీ వేదిక ఎక్కింది 2014లో. అంటే స్లోడైవ్‌ను పెద్దగా ఎవరూ తలుచుకోని రోజుల్లో ఈ బెర్లిన్ లేబుల్ రెండు సీడీలు వాళ్ల కోసం కేటాయించింది. ఆ అభిమానం ప్రతి ట్రాక్‌లో వినిపిస్తుంది. స్లోడైవ్ పాటల్లో గిటార్లు పొరలుపొరలుగా పేరుకుని అసలు బాణీని మంచులా కప్పేస్తాయి. ఇక్కడివాళ్లు ఆ గిటార్లను తీసేసి, వాటి చోట సింథ్‌లు, లాప్‌టాప్ చప్పుళ్లు పెట్టేసరికి కింద ఎంత మంచి బాణీలున్నాయో బయటపడింది. జర్మన్ సంగీతకారుడు ఉల్రిక్ ష్నౌస్ చేసిన 'క్రేజీ ఫర్ యూ' విన్నాక మూల పాటకు వెళ్లి దాన్ని కొత్తగా విన్నాను. ఐస్‌లాండ్ బృందం మూమ్ చేసిన 'మెషీన్ గన్' కూడా అంతే. రెండో సీడీలో ఆ ప్రేరణతో చేసిన సొంత పాటలున్నాయి. అవి నాకు చప్పగా అనిపించాయి.

2003 నుంచి రెండు మూడేళ్ల పాటు వచ్చినవాటితో నాకు పేచీ ఉంది. అదే మెత్తని గొంతు, అవే క్లిక్కులు, అదే దిగులు. కళ్లు మూసుకుని వింటే ఏ బృందమో చెప్పలేకపోయేవాణ్ణి. లాలి పూనా మటుకు 2004లో 'ఫేకింగ్ ద బుక్స్'లో గిటార్లకు చోటు పెంచి ఆ మూస నుంచి తప్పించుకుంది. తర్వాత ఐస్‌లాండ్ వాళ్ల రాక పెరిగింది. 2007లో సీబేర్ ఆల్బమ్ వచ్చినప్పుడు, ఈ లేబుల్ మీద చెక్క వాయిద్యాల మోత, నలుగురు కలిసి పాడే సందడి విని నిజంగా పొంగిపోయాను. పద్ధతి మారింది గానీ బాణీ మీది శ్రద్ధ మారలేదు.

ద నాట్‌విస్ట్ సంగతి వేరు. వైల్‌హైమ్ అనే బవేరియా ఊరి బృందం. అందులోని మార్కుస్ ఆఖర్ లాలి పూనాలోనూ వాయించాడు. అతని అన్నదమ్ముడు మీఖా, మిస్ జాన్ సోడా బృందంతో ఈ లేబుల్‌కే ఆల్బమ్‌లు చేశాడు. ఇంత దగ్గరివాళ్లయినా, పేరు తెచ్చిన 'నియోన్ గోల్డెన్' 2002లో వేరే లేబుల్ మీద వచ్చింది. 2021లో 'వర్టిగో డేస్' మోర్ మ్యూజిక్ మీద చూసినప్పుడు ఇంటి మనిషి ఇల్లు చేరినట్టనిపించింది. జపాన్ నుంచి సాయా, అర్జెంటీనా నుంచి హువానా మొలీనా వచ్చి పాడారు. ట్రాకులు ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ సాగుతాయి కాబట్టి షఫుల్‌లో పెట్టకండి. కొత్తగా వినేవాళ్లు ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టి, తర్వాత స్లోడైవ్ నివాళి మొదటి సీడీ వినండి. లాలి పూనాను ఆ తర్వాత, రాత్రిపూట.