చెపాక్ ఫుట్‌పాత్ జెర్సీ, షాపు జెర్సీ: ఉతికి ఉతికి చెప్తున్న మాట

ఆఫీసు జెర్సీలు వేయించిన ఓ షాపు దెబ్బ కొట్టాక ఇది రాస్తున్నా, ఆ కథ చివర్లో. ముందే చెప్పేస్తా, చెన్నైలో ఐపీఎల్ జెర్సీ కొనాలంటే మ్యాచ్ అయిపోయాక కొనండి, మన టీమ్ ఓడిన రోజైతే మరీ మంచిది. 2024 మే 26న ఫైనల్ ఇక్కడి చెపాక్ స్టేడియంలోనే పడింది కదా, సన్‌రైజర్స్‌కీ కోల్‌కతాకీ. మాది నెల్లూరు, ఉండేది వేళచ్చేరిలో. ఆఫీసులో ఒకాయన తను రాలేనని టికెట్ చేతిలో పెడితే ఎగిరి గంతేసి ఎంఆర్‌టీఎస్ రైలెక్కా. చెపాక్ స్టేషన్‌లో దిగిన దగ్గర్నుంచి గేటు దాకా రోడ్డుకి రెండు పక్కలా జెర్సీలే. మామూలు రోజుల్లో అంతా చెన్నై టీమ్ పసుపే ఉంటుంది, వీపున ధోనీ నంబరు 7. ఆ రోజు మాత్రం నారింజ, ఊదా గుట్టలు పోశారు.

నా మాట వినగానే ఒకతను "ఏం అబ్బయా, నెల్లూరా?" అన్నాడు. ఆయనది గూడూరట. మనూరి పక్కోడే కదా, తగ్గిస్తాడనుకున్నా. ఆరెంజ్ జెర్సీ 400 చెప్పి పైసా దిగలేదు. "మ్యాచ్ అయినాక రా అబ్బయా, అప్పుడు మాట్లాడుకుందాం" అని నవ్వాడు. లోపల ఏం జరిగిందో మీకు తెలిసిందే, సన్‌రైజర్స్ 113 ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లో అదే అతి తక్కువ స్కోరు, మనవాళ్లలో టాప్ స్కోరు కమిన్స్ కొట్టిన 24. కోల్‌కతా వాళ్లు 10.3 ఓవర్లలో ముగించేశారు. బయటికొచ్చేసరికి అదే జెర్సీ 150. ఏడవాలో నవ్వాలో తెలియక కొనేశా.

ఇప్పుడు దాని సంగతి. ఎల్ సైజు అని రాసుంది కానీ ఎం అనుకోండి. రెండో ఉతుక్కే చంక కింద కుట్టు విడిపోయింది, కాలర్ చుట్టుకుపోయింది. డూప్లికేటే, అందులో దాచేదేం లేదు, టీమ్‌కి ఒక్క రూపాయి కూడా వెళ్లదు. కానీ ఏడాదిన్నర ఉతికినా రంగు పోలేదు, అక్షరం చెదరలేదు. ఎందుకంటే అది సబ్లిమేషన్ ప్రింటు. డిజైన్‌ని కాగితం మీద వేసి, దాన్ని పాలిస్టర్ బట్ట మీద పెట్టి 200 డిగ్రీల దగ్గర వేడితో నొక్కుతారు, ఇంకు ఆవిరై బట్ట పోగుల లోపలికి వెళ్లిపోతుంది. ఇక ఊడటానికి పైన ఏమీ ఉండదు. చెయ్యి పెట్టి రుద్దితే బట్టకీ బొమ్మకీ తేడా తెలియదు. తిరగేసి చూస్తే లోపలి వైపు చాలావరకు తెల్లగా ఉంటుంది, అదే గుర్తు. రెండోరకం ఏంటంటే వినైల్, ప్లాస్టిక్ షీటుని కత్తిరించి వేడితో అతికించడం. తాకితే స్టిక్కర్ లాగా ఉంటుంది, చెన్నై ఉక్కపోతలో ఛాతీకి అంటుకుని గాలాడదు. జెర్సీ కొనేటప్పుడు అందరూ బట్ట నలిపి చూస్తారు, నేనైతే ప్రింటు లోపలికి ఇంకిందా పైన అతికించారా అన్నది ముందు చూడమంటా.

అఫీషియల్ జెర్సీ గురించి కూడా ఒక మాట. మా రూమ్మేట్ కొన్నాడు, ఫుట్‌పాత్ రేటుకి నాలుగైదు రెట్లు పడింది. కుట్టు గట్టిది, చెమట త్వరగా ఆరుతుంది, హోలోగ్రామ్ ట్యాగు ఉంటుంది. రోజూ ఆడేవాళ్లయితే అదే కొనుక్కోండి. ఏడాదికి మూడు మ్యాచ్‌లు చూసొచ్చే నాలాంటి వాడికి దండగ.

ఇంకో తిరకాసు ఏంటంటే ఏ జెర్సీ కొన్నా రెండు మూడేళ్లకి పాతబడిపోతుంది, బట్ట పాడై కాదు, ఛాతీ మీద స్పాన్సర్ పేరు మారిపోయి. చెన్నై జెర్సీనే చూడండి, 2020 దాకా ముత్తూట్, 2021లో మింత్రా, 2022 నుంచి టీవీఎస్ యూరోగ్రిప్, ఆ తర్వాత ఎతిహాద్. నా బీరువాలో ఎయిర్‌సెల్ అని రాసున్న పసుపు జెర్సీ ఒకటి ఇంకా ఉంది, ఆ ఫోన్ కంపెనీ 2018లోనే దివాలా పిటిషన్ వేసుకుంది, జెర్సీ మాత్రం చెక్కుచెదరలేదు. ఇండియా జెర్సీ అయితే ఇంకా ఘోరం. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించే చట్టం వచ్చి, అలాంటి ఆటే నడిపే స్పాన్సర్ డ్రీమ్ ఎలెవెన్ తప్పుకుంది, ఆసియా కప్‌లో మనవాళ్లు ఛాతీ మీద స్పాన్సరే లేకుండా ఆడారు, సెప్టెంబర్‌లో అపోలో టైర్స్‌తో ఒప్పందం కుదిరింది. అంతకుముందు నెలలో కొన్నవాడి మొహం ఊహించుకోండి. మా నాన్న ఒకసారి నెల్లూరు నుంచి వచ్చి నా జెర్సీ మీద ముందూ వెనకా భుజాల మీదా ఉన్న పేర్లన్నీ బస్సులోంచి బోర్డులు చదివినట్టు చదివి, "డబ్బులు నువ్విచ్చి వాళ్ల బోర్డు నువ్వే మోస్తున్నావా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

స్టేడియంలో ఉచితంగా ఇచ్చేవాటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఒక్కటే, 4, 6 అని రాసి వెనక కంపెనీ పేరు వేసే అట్ట. ఫైనల్ రోజు నా అట్టకి ఆరు చూపించే పని పెద్దగా పడలేదు కానీ మే నెల చెన్నైలో అంతకంటే మంచి విసనకర్ర దొరకదు. అయినా అట్టలతో సరిపెట్టడమే మంచిది లెండి. అమెరికాలో 1995 ఆగస్టు 10న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వాళ్లు బేస్‌బాల్ మ్యాచ్‌కి వచ్చినవాళ్లకి బంతులు ఉచితంగా పంచారు. జనం కోపం వచ్చి వాటినే గ్రౌండ్‌లోకి విసిరారు, అంపైర్లు మ్యాచ్ ఆపేసి ఎదుటి టీమ్ గెలిచిందని ప్రకటించారు. ఆ 113 చూశాక నా చేతిలో బంతి ఉంటే నేనేం చేసేవాణ్ణో చెప్పలేను.

ఇక అసలు నేనిది రాయడానికి కారణమైన షాపు. పేరు రాయను. కిందటేడు మా ఆఫీసు టోర్నమెంట్‌కి 14 జెర్సీలు కావాలి, ముందు కంపెనీ లోగో, వెనక పేర్లు. ఒక్కోటి 650. వెళ్లి అడిగితే "180 జీఎస్‌ఎం పాలిస్టర్ సార్, ఫుల్ సబ్లిమేషన్" అన్నారు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. వాళ్లు చూపించిన శాంపిల్ బ్రహ్మాండంగా ఉంది. మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు, అది నా తప్పే, సగం ఆపాల్సింది. మా జెర్సీలతో పాటే, నెల్లూరులో ఉన్న మా మేనల్లుడికి పసుపుది ఒకటి, 7 నంబరుతో, చెప్పా.

టోర్నమెంట్‌కి రెండ్రోజుల ముందు సరుకు వచ్చింది. వెలుతురుకి పట్టుకుంటే అవతల గోడ కనిపిస్తోంది. కాటన్ కలిసిన బట్ట, దాని మీద సబ్లిమేషన్ సరిగ్గా పట్టదు, అందుకే గుట్టుగా వినైల్ అతికించేశారు. మార్చే టైం లేదు, అలాగే వేసుకున్నాం. మొదటి మ్యాచ్‌లోనే డైవ్ చేసిన శ్రీనివాస్ లేచి నిలబడేసరికి 'నివాస్' అయ్యాడు. రెండో మ్యాచ్‌కి లోగో అంచులు లేచాయి. గ్రూప్ ఫొటోలో మా కంపెనీ పేరు సగం మందికి సగమే ఉంది, దానికి మేనేజర్ నన్నే పట్టుకున్నాడు, జెర్సీలు తెప్పించింది నేనే కదా.

షాపుకి ఫోన్ చేస్తే "ఇస్త్రీ చేశారా సార్? తిరగేసి చెయ్యాలి" అన్నారు. ఒక్కసారి కూడా ఉతకలేదయ్యా, ఇస్త్రీ ఎక్కడిది అంటే "చెమట ఎక్కువ పట్టినా అంతే సార్" అంటాడు. క్రికెట్ జెర్సీకి చెమట పట్టకూడదట! పట్టుకెళ్లి చూపిస్తే వారంలో కొత్తవి వేసిస్తామన్నారు, నాలుగో వారం నుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ షాపుకి ఐదు స్టార్లకి ఒకటి ఇస్తున్నా, అది కూడా చూపించిన శాంపిల్‌కే.

మేనల్లుడి జెర్సీ సంగతి మొన్న అక్క ఫోన్‌లో చెప్పింది. మూడు ఉతుకులకి 7 పైనున్న అడ్డగీత ఊడిపోయి 1 మిగిలిందట, బళ్లో పిల్లలు ఏడిపిస్తున్నారని వీడు ఒకటే గోల. అక్క సీడీ మార్కర్ తీసి తనే పైన గీత గీసిచ్చింది. ఆ గీత మాత్రం ఇప్పటిదాకా పోలేదట.