లైవ్ ఎయిడ్ నాలుగు డీవీడీల సెట్: అతుకు వేయని చోటే అసలు కచేరీ

1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలోనూ ఫిలడెల్ఫియా జేఎఫ్‌కే స్టేడియంలోనూ ఒకే రోజు జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీ డీవీడీలు మొత్తానికి పూర్తి చేశాను. నాలుగు డిస్కులు, దాదాపు పది గంటలు, నాకు మూడు రాత్రులు పట్టింది. ముందే చెప్పేస్తున్నా, రాక్ సంగీతం మీద కాస్త ఇష్టం ఉన్నా సరే ఇది చూడాల్సిన సెట్టు, ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో చెప్పడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఎందుకంటే కారణం బొమ్మ క్వాలిటీ కాదు, ధర కాదు, ఒక పాటలో మొదటి రెండు నిమిషాలు.

నేపథ్యం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 1984 అక్టోబరులో ఇథియోపియా కరువు మీద మైకేల్ బర్క్ చేసిన రిపోర్టు బీబీసీలో వచ్చింది. అది చూసి తట్టుకోలేకపోయిన ఐర్లండ్ గాయకుడు బాబ్ గెల్డాఫ్, మరో గాయకుడు మిడ్జ్ యూర్‌తో కలిసి ఒక పాట రాసి, బ్రిటన్, ఐర్లండ్ గాయకుల్ని చాలామందిని పోగుచేసి బ్యాండ్ ఎయిడ్ పేరుతో కరువు విరాళాల కోసం ఆ క్రిస్మస్‌కి విడుదల చేశాడు. మరుసటి ఏడాది ఆ ప్రయత్నమే ఈ కచేరీ అయింది. మొదటి డిస్కు ఆ వార్తా రిపోర్టుతోనే మొదలవుతుంది. దయచేసి దాన్ని ఫార్వర్డ్ చేయకండి. ఎముకల గూళ్లలా ఉన్న పిల్లల్ని చూసిన తర్వాత, కాసేపటికి స్టేటస్ కో బ్యాండు మిట్టమధ్యాహ్నం ఎండలో గిటార్లు మోగిస్తుంటే లోపల ఏదోలా ఉంటుంది, సంతోషమూ కాదు, బాధా కాదు, ఆ రోజంతా ఆ రెండూ కలిసే నడిచాయి.

ఇక కచేరీ ఎలా నడిపారన్నది తెలిస్తే ఈ డీవీడీలు ఇంకా బాగా అర్థమవుతాయి. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు, అటూ ఇటూగా. వెంబ్లీలో గుండ్రంగా తిరిగే స్టేజీ పెట్టారు, ముందు ఒక బ్యాండు వాయిస్తుంటే వెనకాల ఇంకొకరు డ్రమ్స్ సర్దుకుంటూ ఉంటారు. టైమ్ అయిపోతోందని చెప్పడానికి ట్రాఫిక్ సిగ్నల్ లైట్లు. సౌండ్ చెక్‌కి తీరిక లేదు, పట్టపగలు కాబట్టి ఎవరి లైటింగ్ హంగులూ పనికిరావు, పైగా శాటిలైట్ ద్వారా కోట్లమంది చూస్తున్నారు. ఎంత పెద్ద స్టార్ అయినా గొంతు, వాయిద్యం, ధైర్యం తప్ప ఇంకేమీ చేతిలో లేకుండా వచ్చి నిలబడాలి. తప్పు జరిగితే జరిగినట్టే. నాకు ఈ సెట్టులో బాగా నచ్చినవన్నీ అక్కడ పుట్టినవే.

అందరూ అడిగేది క్వీన్ బ్యాండు గురించే కదా, అది రెండో డిస్కులో ఉంది. సాయంత్రం 6:41కి స్టేజీ మీదకొచ్చి 21 నిమిషాలు ఉన్నారు. ఈ ముక్కని ఫోన్‌లో చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు, నేనూ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కానీ ముందు వెనక ఉన్న బ్యాండ్లతో కలిపి వరసగా చూడటం ఇదే మొదటిసారి, అప్పుడు గానీ తేడా తెలియలేదు. మిగతావాళ్లు చాలామంది మామూలు కచేరీలోంచి మూడు నాలుగు పాటలు తీసుకొచ్చి పాడారు. వీళ్లు మాత్రం ఆ ఇరవై నిమిషాల కోసమే రోజుల తరబడి రిహార్సల్ చేసి వచ్చారు. బొహీమియన్ రాప్సొడీని పియానో మీద మొదలుపెట్టి, మొదటి భాగం అవగానే ఠక్కున ఆపేసి రేడియో గాగాలోకి దూకేస్తారు, ఊపిరి తీసుకోనివ్వరు. వాళ్ల గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ తెల్ల బనియన్, వెలిసిన జీన్స్, కుడి దండకి మేకుల పట్టీ, చేతిలో సగం విరిచినట్టుండే మైకు కర్ర. పియానో మీద ఎవరో పెట్టిన కూల్‌డ్రింక్ కప్పులు అలాగే ఉన్నాయి, తీసేసే తీరిక కూడా ఎవరికీ లేదన్నమాట. ఆ పాట పల్లవికి 72,000 మంది చేతులు తలల మీదకి లేచి ఒకేసారి చప్పట్లు కొడతాయి. అక్కడ కెమెరా వెనక్కి జరిగి స్టేడియం మొత్తాన్ని చూపిస్తుంది, గాలికి చేను ఊగినట్టు ఉంటుంది. నాకు ఇష్టమైన క్షణం మాత్రం ఇంకోటి. పాటల మధ్యలో ఏ వాయిద్యమూ లేకుండా ఉత్త గొంతుతో ఒక రాగం తీస్తాడు, జనం తిరిగి పాడతారు, ఇంకొంచెం కష్టమైనది తీస్తాడు, అదీ పాడతారు. జాంజిబార్‌లో పుట్టి, పంచ్‌గనిలో బడికెళ్లిన ఒక మనిషి అంత పెద్ద స్టేడియాన్ని హార్మోనియం మెట్లలా వాడుకుంటాడు.

అదే డిస్కులో ఐర్లండ్ బ్యాండు యూ2 ఉంది, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు, నాకు మాత్రం ఇదే ఎక్కువ పట్టేసింది. వాళ్లు మూడు పాటలు అనుకొని వచ్చారు. రెండో పాట మధ్యలో వాళ్ల గాయకుడు బోనో ముందువరసల్లో ఉన్న ఒకమ్మాయిని చూసి, ఆమెని ఇటు పంపించమని సెక్యూరిటీవాళ్లకి సైగ చేస్తాడు, వాళ్లకి అర్థం కాదు, మళ్లీ సైగ, ఇక లాభం లేదని తనే స్టేజీ దిగి, అంచు మీద నుంచి కిందకి దూకేస్తాడు. ఒకమ్మాయిని దగ్గరకు తీసుకొని నెమ్మదిగా నాట్యం చేస్తాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ స్టేజీ మీద మిగతా ముగ్గురూ అదే ట్యూన్‌ని వాయిస్తూనే ఉంటారు, మనిషి ఎక్కడికి పోయాడో వాళ్లకి కనిపించడం లేదు. ఆ మొహాలు చూడండి ఒకసారి, ఎంత టెన్షన్ పడుతున్నారో. పాట పన్నెండు నిమిషాలదాకా సాగి, మూడో పాటకి టైమే మిగల్లేదు, అది వాళ్ల పెద్ద హిట్టు. చేతికొచ్చిన అవకాశం పాడైపోయిందనే అనుకున్నారట ఆ రోజు. తీరా చూస్తే జనానికి గుర్తుండిపోయింది ఆ దూకడమే, ఆ బ్యాండు ప్రపంచానికంతా తెలిసిందీ అక్కడినుంచే.

గెల్డాఫ్ సొంత బ్యాండు బూమ్‌టౌన్ ర్యాట్స్ మొదటి డిస్కులో ఐ డోంట్ లైక్ మండేస్ పాడింది. 1979లో శాన్‌డియాగోలో ఒక బడి మీద జరిగిన కాల్పుల గురించి వాళ్లు రాసిన పాట అది. చావడం ఎలాగన్నదే ఈరోజు పాఠం అనే అర్థం వచ్చే చరణం దగ్గర అతను ఆగిపోతాడు. పిడికిలి పైకెత్తి అలాగే నిలబడతాడు. వాయిద్యాలు ఆగిపోయాయి, చెయ్యి దించడు. ఈ కచేరీ దేనికోసమో ఆ ఒక్క నిశ్శబ్దంలో అందరికీ తెలిసిపోయింది. నేను రిమోట్ తీసుకొని ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పాను.

ఇప్పుడు నా ఫిర్యాదు. వెంబ్లీ కచేరీ చివర్లో పాల్ మెకార్ట్నీ పియానో దగ్గర కూర్చొని లెట్ ఇట్ బీ మొదలుపెట్టాడు, మైకు పనిచేయలేదు. దాదాపు రెండు నిమిషాలు అతని గొంతు ఎవరికీ వినపడలేదు. చరిత్రలోనే అతిపెద్ద ప్రసారాల్లో ఒకటి, పాడుతున్నది బీటిల్స్ మనిషి, మాట బయటికి రావడం లేదు! అప్పుడు జనమే అందుకొని పాడారు. వెనకనుంచి గెల్డాఫ్, డేవిడ్ బోవీ, అలిసన్ మోయె, పీట్ టౌన్‌షెండ్ వచ్చి గొంతు కలిపారు. మీరే చెప్పండి, ఇంతకన్నా గొప్ప సన్నివేశం ఎవరైనా కావాలని రాయగలరా? కానీ ఈ డీవీడీలో మొదటినుంచీ పాట శుభ్రంగా వినిపిస్తుంది, ఎందుకంటే తర్వాత స్టూడియోలో పాడిన గొంతుని ఆ ఖాళీలో అతికించారు. ఎందుకు చేశారో అర్థం చేసుకోగలను, డబ్బుపెట్టి కొన్నవాళ్లకి పాట పూర్తిగా వినపడాలి కదా అనుకొని ఉంటారు. కానీ నేను కొన్నది ఆ రోజుని. కనీసం అసలు శబ్దంతో ఇంకో ఆడియో ట్రాక్ పెట్టి ఉన్నా ఐదుకి ఐదు ఇచ్చేవాడిని.

ఇక లేనివాటి సంగతి. కచేరీ పదహారు గంటలు నడిచింది, ఇక్కడున్నది పది గంటలు, అంటే మీకు ఇష్టమైన పాట ఒకటైనా ఎగిరిపోయి ఉంటుంది, ముందే సిద్ధపడండి. ద హూ బ్యాండు మొదటి పాట మధ్యలోనే ప్రసారం తెగిపోయింది, అందుకని వాళ్లు పాడిన నాలుగింటిలో రెండే వచ్చాయి. లెడ్ జెపెలిన్ అయితే అసలు లేదు. ఫిలడెల్ఫియాలో వాళ్లు కలిసి వాయించారు, సరిగ్గా కుదరలేదు, అందుకే ఇందులో పెట్టొద్దన్నారు. అది వాళ్ల హక్కు, కాదనను, అయినా బొంగురుపోయిన వాళ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు కూడా ఆ రోజులో భాగమే కదా అనిపిస్తుంది నాకు. అదే బ్యాండుకి ఆ రోజు డ్రమ్స్ వాయించినవాళ్లలో ఫిల్ కాలిన్స్ ఒకడు. వెంబ్లీలో పాడేసి, హెలికాప్టర్లో ఎయిర్‌పోర్టుకి వెళ్లి, కాంకార్డ్ విమానంలో అట్లాంటిక్ దాటి, అదే రోజు ఫిలడెల్ఫియాలోనూ కనిపించాడు. ఇప్పుడు ఆ విమానమే లేదు, ఇంకెవరూ ఆ పని చేయలేరు.

ఎల్విస్ కాస్టెల్లో ఒక్క గిటారుతో వచ్చి, పాట మాటలు అరచేతిమీద రాసుకొని, బీటిల్స్ పాటని ఉత్తర ఇంగ్లండ్ పాత జానపదం అని పరిచయం చేసి పాడతాడు. చిన్న ముక్కే, వదలొద్దు. బోవీ తనకిచ్చిన టైములో ఒక పాట వదిలేసుకొని, ఆ నిమిషాల్ని కరువు దృశ్యాల వీడియో వేయడానికి ఇచ్చేశాడు. ఆ వీడియో తర్వాత విరాళాల ఫోన్లు హోరెత్తాయి. పాటలు పాడటానికి వచ్చి పాట మానుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

బొమ్మ, శబ్దం గురించి రెండు మాటలు. ఇది 1985 నాటి టీవీ వీడియో, ఫిల్ము కాదు. చదరపు బొమ్మ, పెద్ద స్క్రీన్ మీద కాస్త మసగ్గా ఉంటుంది, ఫిలడెల్ఫియా భాగాలు ఇంకాస్త ఎక్కువ. శబ్దం మాత్రం అనుకున్నదానికంటే చాలా బాగుంది, సరౌండ్‌లో పెట్టుకుంటే జనం హోరు మన వెనకనుంచి వస్తుంది. చాలా పాటలు ఇప్పుడు యూట్యూబ్‌లోనూ అధికారికంగానే దొరుకుతున్నాయి, కానీ ముక్కలుగా చూస్తే ఎండ తగ్గి సాయంత్రమై చీకటి పడేదాకా ఆ జనం ఎలా అలసిపోయారో, మళ్లీ ఎలా లేచారో తెలియదు.

ఇంకో విషయం, ఇది డీవీడీ తప్పు కాదు, కచేరీదే. ఆఫ్రికా కోసం చేసిన కచేరీలో ఆఫ్రికాలో ఉంటూ పాడే కళాకారులకి ఆ రెండు స్టేజీల మీదా చోటు దొరకలేదు. నైజీరియాలో పుట్టిన షాడే ఉంది, ఆమె పాట ఆ మధ్యాహ్నానికే చల్లదనం తెచ్చింది, కానీ ఆమె పెరిగింది ఇంగ్లండ్‌లో. పది గంటలు చూశాక ఈ లోటు గట్టిగానే తెలుస్తుంది.

కొనేవాళ్లు ఒకే రోజు కూర్చోకుండా రోజుకో డిస్కు చూడండి, కానీ వరస మార్చకండి. నాలుగో డిస్కు చివరిదాకా వెళ్లండి. అక్కడ బాబ్ డిలన్, రోలింగ్ స్టోన్స్ గిటారిస్టులు కీత్ రిచర్డ్స్, రాన్ వుడ్ ముగ్గురూ పక్కపక్కన నిలబడి ఉంటారు, తెర వెనక ముగింపు పాట కోసం కళాకారులంతా పోగై గోలచేస్తుంటే వీళ్లకి తమ వాయింపే సరిగ్గా వినపడటం లేదు. మధ్యలో డిలన్ గిటారు తీగ తెగిపోతుంది. వుడ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన మెడలోని గిటారు తీసి ఆయనకిచ్చేసి, కాసేపు ఉత్త చేతులతో గాల్లోనే వాయిస్తాడు. అదృష్టం బాగుండి, దానికి ఎవరూ అతుకు వేయలేదు.