ఔరంగాబాద్ పంచక్కీ, హిమాలయాల ఘరాట్: నీటి మరను ఎక్కడ చూస్తే మేలు?

మర తిప్పే నీళ్లను దూరం నుంచి ఎలా తెచ్చారో చూడాలంటే పంచక్కీ. ఆ నీళ్లతో పిండి ఎలా పడుతుందో చూడాలంటే ఘరాట్.

ఔరంగాబాద్‌లో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) పంచక్కీ ఖామ్ నది ఒడ్డునే ఉన్నా, మరను తిప్పేది ఆ నది కాదు. ఉత్తరాన కొండల్లోని ఊట నుంచి కిలోమీటర్ల కొద్దీ మట్టి గొట్టాలు భూమిలో పరిచారు. ఊట ఎత్తున ఉంది, గొట్టం మూసి ఉంది; అందుకే నీళ్లు వాటంతటవే ఇక్కడి ఎత్తైన గోడ పైదాకా ఎక్కి తొట్టిలోకి దూకుతాయి. దారిలో ఒక్క అతుకు వదిలినా ఒత్తిడి తగ్గి నీరు పైకి అందదు. పక్కనే ఉన్న సూఫీ గురువు బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చేవాళ్ల కోసం ఈ మరలో పిండి విసిరేవారు. తొట్టి అడుగే కింది హాలుకు పైకప్పు. ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉంటుంది. దాన్ని చూడకుండా రావద్దు.

లోటు ఒక్కటే: ఇక్కడ మర రాళ్లు ఎలా పనిచేస్తాయో దగ్గరగా అర్థం కాదు. ఖామ్‌లో ఊరి మురుగు కలుస్తుంది కనుక నది అందం కోసం వెళ్లకండి.

ఉత్తరాఖండ్, హిమాచల్ పల్లెల్లోని ఘరాట్‌లో అన్నీ కళ్లెదుటే. వాగు నుంచి చిన్న కాలువ తీసి, ఏటవాలు చెక్క దోనెలో నీటిని వదులుతారు. అది అడ్డంగా పడుకున్న చక్రం రెక్కలను కొడుతుంది. పళ్ల చక్రాలేవీ ఉండవు. నిలువు ఇరుసు కింది రాయిని దాటి పై రాయిని నేరుగా తిప్పుతుంది. తిరిగే రాయిని తాకుతూ ఒక పుల్ల ఊగుతుంటుంది, దాని అదురుకే గింజలు కొద్దికొద్దిగా రాలతాయి. రాళ్ల మధ్య సందు మరీ తగ్గితే పిండి వేడెక్కుతుంది, రాతిపొడి కలుస్తుంది. పెరిగితే రవ్వ పడుతుంది. రాళ్ల మీది గంట్లు అరిగితే మళ్లీ కొట్టాలి. మన తిరగలి తెలిసినవాళ్లకు ఇదంతా ఇట్టే పట్టుబడుతుంది.

మరను మరగా చూడాలనుకుంటే నా ఓటు ఘరాట్‌కే. పిల్లలతో, పెద్దవాళ్లతో హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లేవాళ్లకు మాత్రం పంచక్కీ సుఖం. అదే ఊళ్లోని బీబీ కా మక్బరాతో (ఔరంగజేబు భార్య సమాధి) కలిపి ఒక పూట చాలు. వానలు వెనకబట్టాక వెళ్తే నీళ్లు నిండుగా ఉంటాయి. ఘరాట్‌కు కూడా అదే అదను: వరదలో దోనె కొట్టుకుపోవచ్చు, వాగు సన్నబడితే రాయి తిరగదు. బయల్దేరే ముందు, ఆ వారం పిండి పడుతున్నారో లేదో ఊళ్లో అడిగి వెళ్లండి.