బోరు బండి మీద విప్‌చెక్, ఇయర్ మఫ్, మాస్కు: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

మాది పర్లాకిమిడి. బోరు బండి మీద పని, కాశీనగర్ నుంచి గుణుపూర్, రాయగడ దాకా తిరుగుతుంటాం. ఇక్కడ పైమట్టి దాటి కేసింగ్ పైపు దిగాక అంతా గట్టి రాయే, కాబట్టి డి.టి.హెచ్. హ్యామర్ (బోరు లోపల గాలి ఒత్తిడితో రాయిని కొట్టే సుత్తి) తప్పదు, అంటే కంప్రెసర్ నుంచి 300 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి హోసులో, అంటే గొట్టంలో, ఆడుతూనే ఉంటుంది. కింద రాసినవన్నీ నేను రోజూ వాడినవి, కొత్తగా బండెక్కే తమ్ముళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు విప్‌చెక్. హోసులను కలిపే జాయింటుకి, అంటే కప్లింగ్‌కి, అటూ ఇటూ తొడిగే స్టీలు వైరు తాడు ఇది, రెండు చివరలా స్ప్రింగుతో బిగుసుకునే ఉచ్చులుంటాయి. చూడటానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. మా బండి మీద ఒకసారి కప్లింగ్ పిన్ను అరిగి, గాలి మీద ఉండగానే ఊడింది. ఈ తాడు ఉండబట్టి హోసు అక్కడే ఆగి బుస్సుమంది, మూరెడు దూరంలో నిలబడ్డ హెల్పరుకు గీత కూడా పడలేదు. అది లేకపోతే ఇనప కప్లింగ్‌తో సహా ఆ హోసు ఎవరి తలకో తగిలేది. ఐదుకు ఐదు మార్కులు ఇస్తాను, కానీ కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. షాపుల్లో మామూలుగా దొరికే పావు అంగుళం తాడు చాలావరకు 200 పి.ఎస్.ఐ.కే పనికొస్తుంది. మన బండి ప్రెషర్ అంతకంటే ఎక్కువ, కాబట్టి హోసు లావు, ప్రెషర్ రెండూ చెప్పి దానికి తగ్గ బరువైనదే అడగండి. తొడిగేటప్పుడు వదులుగా వేలాడనివ్వకూడదు, పూర్తిగా సాగి ఉండాలి, వదులుంటే ఊడిన హోసుకు ఊపు దొరుకుతుంది. వానాకాలం అయ్యాక తుప్పు పట్టిందా, పోగులు తెగాయా అని చేత్తో కాదు, గుడ్డ పెట్టి తడిమి చూడండి. తెగితే పారేయాలి, బైండింగ్ వైరుతో కట్టి నడిపించే బండ్లు చూశాను, నాకు చాలా కోపం వచ్చే విషయం అది. ఇంకోటి, విప్‌చెక్ ఉంది కదా అని కప్లింగ్ పిన్నులు మానేయొద్దు, లైన్లో గాలి పూర్తిగా వదిలి గేజు సున్నాకు వచ్చాకే కప్లింగ్ మీద చెయ్యి వేయాలి.

శబ్దం తగ్గించడానికి చెవుల మీద పెట్టుకునే ఇయర్ మఫ్‌లు బాగానే పనిచేస్తాయి. ఫ్యాక్టరీ రూల్సు ప్రకారం 90 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, 100 అయితే 2 గంటలే. హ్యామర్ ఆడుతున్నప్పుడు బండి పక్కన వంద దాటుతుంది, మనం తెల్లారేదాకా అక్కడే ఉంటాం. మే నెల ఎండలో చెమట పట్టి చిరాకు వేస్తుంది, నిజమే. మా వాళ్లు తువ్వాలు చుట్టుకుని దాని మీద మఫ్ పెడతారు, అలా పెడితే సందులోంచి శబ్దం లోపలికి వచ్చేస్తుంది, చెవికి నేరుగా ఆనాలి. కుషన్లు కొన్నాళ్లకు గట్టిపడి పగులుతాయి, కుషన్లు విడిగా దొరికే రకమే తీసుకోండి. మఫ్ పెట్టుకుంటే కేకలు వినపడవు కాబట్టి ఆపరేటరుతో చేతి సైగలు ముందే మాట్లాడుకోవాలి. ఆపు అన్న సైగ ఎవరు చేసినా, కుర్ర హెల్పరు చేసినా సరే, బండి ఆగాల్సిందే.

మాస్కు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. మన కొండల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ, అందులో క్వార్ట్జ్ (సిలికా) ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ముక్కుకు కట్టే తువ్వాలు సన్న దుమ్మును ఆపదు. ఐ.ఎస్. 9473 ముద్ర ఉన్న, సన్న దుమ్మును వడకట్టే ఎఫ్.ఎఫ్.పి.2 రకం మాస్కు వాడుతున్నాను, చెమటకు తడిస్తే ఊపిరి ఆడదు, అందుకే రోజుకు ఒకటి సరిపోదు, ఓనరును పెట్టె లెక్కన అడిగి తీసుకోండి. గడ్డం ఉంటే పక్కల నుంచి దుమ్ము దూరుతుంది. నీళ్లు, ఫోమ్ కొట్టి డ్రిల్లింగ్ చేస్తే దుమ్ము చాలా తగ్గుతుంది, అది చేయించుకుంటే మాస్కుకీ పని తేలిక.

గ్లవ్స్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను, వదులుగా ఉండే నూలు గ్లవ్స్ ఈ పనికి పనికిరావు. రాడ్డు తిరుగుతుండగా దారప్పోగు ఒక్కటి చుట్టుకున్నా చెయ్యి దాంతోపాటే పోతుంది, లుంగీ, తువ్వాలు కూడా అంతే. గ్లవ్స్ రాడ్లు ఎత్తేటప్పుడు, గ్రీజు రాసేటప్పుడు, అంటే రొటేషన్ ఆగి ఉన్నప్పుడే. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండి, అరచేతికి రబ్బరు పూత ఉన్నవి నాకు నచ్చాయి. స్పానరు రాడ్డుకు తగిలించి ఉండగా రొటేషన్ వేసి జాయింటు విప్పే అలవాటు కొందరిలో ఉంది, ఆ స్పానరు వెనక్కి తన్నితే కాలో పక్కటెముకలో విరుగుతాయి. జాయింటు విప్పడానికి బండికే బిగించిన బ్రేకౌట్ స్పానరు ఉంటే అదే వాడండి.

షూ స్టీలు టో (వేళ్ల దగ్గర ఉక్కు కప్పు) ఉన్నవే, ఒక సైజు పెద్దవి తీసుకోండి, పొద్దు వాలేసరికి పాదం ఉబ్బుతుంది.