“సవరించిన నూతన ముద్రణ” అన్న అట్టను నమ్మి నిఘంటువు కొనకండి

తెలుగు నిఘంటువు, ప్రముఖుల జీవిత విశేషాలు, చరిత్ర, ఈ మూడూ ఒకే సంపుటంలో ఉన్నాయంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక లావుపాటి పుస్తకాన్ని ఇటీవల తెప్పించుకొన్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నవారినీ, పిల్లలకు కొనిపెట్టే తల్లిదండ్రులనూ ఉద్దేశించే దాన్ని అమ్ముతున్నారు కాబట్టి, డబ్బు కట్టే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా కోరుతున్నాను.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చరిత్ర భాగం. ‘ఆంధ్ర రాష్ట్రం’ అన్న శీర్షిక కింద, అది 1956 నవంబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిందని అచ్చయింది. మద్రాసు నుంచి విడివడి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. తెలంగాణను కలుపుకొని, హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ అవతరించింది 1956లో. రెండు వేర్వేరు ఘటనలను ఒక్క వాక్యంలో కలిపేసిన ఈ పుస్తకాన్ని నమ్మి పరీక్ష రాసే అభ్యర్థి గతి ఏమిటి? ‘తెలంగాణ’ను ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లోని 10 జిల్లాల ప్రాంతంగానే నిర్వచించారు. అంటే 2014 జూన్ 2 తరువాత ఈ పుటను ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

వ్యక్తుల భాగంలో పొగడ్త తప్ప సమాచారం లేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ స్థాపనలో ముఖ్యపాత్ర వహించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకొని, అది పూర్తికాకుండానే 1923లో కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావు గారి గురించి “మహా పండితుడు, దేశభక్తుడు, చిరస్మరణీయుడు” అని మాత్రమే ఉంది. తేదీలు లేవు, చేసిన పని లేదు. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి దారి వేసిన మనిషికే ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించింది.

పదాల సంగతి క్లుప్తంగా చెబుతాను. తొట్రుపాటు అంటే తత్తరపాటు, తత్తరపాటు అంటే తొట్రుపాటు అని రాసి వదిలేశారు. 1885 నాటి శబ్దరత్నాకరం అనే నిఘంటువులో బహుజనపల్లి సీతారామాచార్యులు గారు అర్థానికి తోడుగా కావ్య ప్రయోగాలు కూడా చూపించారు; ఇందులో ఒక్క ప్రయోగమూ లేదు.

పుస్తకం వెనక్కి తీసుకొమ్మంటే, ప్లాస్టిక్ కవరు చింపారు కాబట్టి కుదరదని అమ్మకందారు తేల్చి చెప్పాడు. అందువల్ల కొనేముందే ముఖపత్రం, దాని వెనక పుట, లోపలి రెండు మూడు పుటల ఫొటోలు పంపమని అడగండి. ముద్రణ సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదు, సవరించినది ఎవరో, ఎప్పుడో కూడా చూడాలి. 1852లో వచ్చిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1903లో సవరించినవారు, వీరేశలింగం గారితో సహా, తమ పేర్లు పెట్టుకొనే సవరించారు. నేను కొన్న పుస్తకంలో సంపాదకుడి పేరే లేదు. ఫొటోలు పంపడానికి నిరాకరించే అమ్మకందారు దగ్గర ఎంత తగ్గింపు ధరకు వచ్చినా కొనవద్దు.